మొదటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్: ఏది కొనాలి, ఏం మార్చాలి, దేన్ని ముట్టుకోకూడదు

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెప్పుకుంటాను. గ్రీన్‌కార్డు వచ్చి ఏడాదయింది, డాలస్ దగ్గర ఉంటున్నారు. స్నేహితుడి వెంట మూడు నాలుగు సార్లు రేంజ్‌కి వెళ్లి అతని ఏఆర్-15 రైఫిల్ కాల్చి చూశారు. సరదా పట్టుకుంది. ఇప్పుడు చిన్న చిన్న పోటీల్లో దిగడానికి పనికొచ్చే, మొరాయించని సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కావాలి, అంటే నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తరువాతిది దానంతట అదే లోపలికి ఎక్కేది. మొత్తం ఖర్చు 1,000 డాలర్లు దాటకూడదు. మార్చాలనుకుంటున్న విడిభాగాల జాబితా కూడా పెట్టారు. లెక్కపెట్టాను, పదకొండు ఉన్నాయి. రైఫిల్ మాత్రం ఇంకా కొనలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఊరికే పుట్టలేదు.

నవ్వడానికి అనలేదు. నేనూ సరిగ్గా అక్కడి నుంచే బయలుదేరాను, ఆ కథ కింద చెబుతాను.

ముందు చట్టం సంగతి. మీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి దుకాణంలో 4473 అనే ఫెడరల్ కొనుగోలు ఫారం నింపి, నేపథ్య తనిఖీ పూర్తయ్యాక కొనుక్కోవచ్చు. కానీ ఇది చదివే మనవాళ్లలో సగం మంది హెచ్-1బీ మీదో, ఎఫ్-1 మీదో ఉంటారు. వలసేతర వీసా మీద వచ్చినవారు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకు ఉపయోగపడేది ఒక్కటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా 'దగ్గర ఉంచుకోవడం' కిందికే వస్తుంది. కౌంటర్ దగ్గరి కుర్రవాడు అడగలేదు కదా అని ధైర్యపడకండి. టెక్సస్ వేట లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న కొత్తది తీసుకోకపోతే మినహాయింపూ పోతుంది. ఇంకొక ముఖ్యమైన మాట. గ్రీన్‌కార్డు ఉన్నవాడు వీసా మీద ఉన్న స్నేహితుడి డబ్బుతో, స్నేహితుడి కోసం, తన పేరు మీద కొనడం పెద్ద నేరం. స్నేహం కొద్దీ 'నీ పేరు మీద తీసుకో, వారం చివర కలిసి కాల్చుకుందాం' అన్న మాటలు నేను చెవులారా విన్నాను. జైలుకు వెళ్లే దారి అది. వీసా మీద ఉన్నవారు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి, తరువాతే రేంజ్ గడప తొక్కండి.

ఇక రైఫిల్. మీ మనసు ఏఆర్-15 మీద ఉంది. చెడ్డ ఎంపిక కాదు. కానీ మొదటిదిగా అది వద్దు. .22 తీసుకోండి, అంటే సన్నని చిన్న తూటా వాడే రైఫిల్.

కారణం చెబుతాను. పోటీలో గెలిపించేది రైఫిల్ కాదు, మీరు వారం వారం కాల్చిన తూటాల సంఖ్య. .22 లాంగ్ రైఫిల్ తూటా మామూలు రోజుల్లో పది సెంట్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. ఏఆర్-15లో వాడే తూటా ధర దానికి నాలుగైదు రెట్లకు తక్కువ ఉండదు. అంటే ఏఆర్‌లో వంద కాల్చే ఖర్చుతో దీనిలో నాలుగైదు వందలు కాల్చవచ్చు. పైగా .22కి భుజం మీద తన్ను దాదాపు లేదు, శబ్దమూ తక్కువ. తన్నుకు భయపడి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకునే అలవాటు ఏఆర్‌తో మొదలుపెట్టినవారిలో చాలామందికి వస్తుంది. వాళ్లకు అది ఉందని వాళ్లకే తెలియదు. దాన్ని పోగొట్టడానికి మళ్లీ .22 దగ్గరికే రావాలి.

.22 అంటే పిల్లల ఆటబొమ్మ అనుకోకండి. ఈ తూటా 1887 నుంచి ఉంది. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలో నేటికీ వాడేది దీన్నే, కాకపోతే అక్కడ ఒక్కొక్క తూటా చేత్తో పెట్టే బోల్ట్ రైఫిళ్లు వాడతారు. సెమీ ఆటోమేటిక్ .22కి ఇక్కడ వేరే మైదానాలున్నాయి. స్టీల్ చాలెంజ్‌లో రిమ్‌ఫైర్ (.22లా అడుగు అంచు మీద కొడితే పేలే తూటా) రైఫిల్ విభాగాలున్నాయి: ఇనుప పలకలు ఐదు, వాటిని ఎంత త్వరగా మోగిస్తే అంత మంచిది. ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ వారి రెండు రోజుల శిక్షణ ఉంది. అక్కడ 25 మీటర్ల దూరంలో చిన్న చిన్న ఆకారాల మీద నిలబడి, కూర్చుని, పడుకుని నలభై తూటాలు కాల్చాలి. 250కి 210 తెచ్చుకుంటే రైఫిల్‌మన్ అనే గుడ్డ బిల్ల ఇస్తారు. మీరు ముందు అక్కడికే వెళ్లండి. స్టీల్ పోటీ వేగం నేర్పుతుంది, యాపిల్‌సీడ్ ఒళ్లు వంచి పడుకోవడం నేర్పుతుంది. రెండవ రోజు సాయంత్రానికి మోచేతులు మంటపుడతాయి, చాప పట్టుకెళ్లండి.

ఏ .22 అన్నదానికి నా జవాబు కొత్తదేమీ కాదు: రూగర్ 10/22. ఇది 1964లో మొదలైంది. తమాషా ఏమిటంటే కోల్ట్ సంస్థ ఏఆర్-15ను పౌరులకు అమ్మడం మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. ఇన్నేళ్లుగా లక్షల సంఖ్యలో అమ్ముడుపోవడం వల్ల దీనికి దొరకని విడిభాగం లేదు, దీని జబ్బు తెలియని మెకానిక్కూ లేడు. మామూలు కార్బైన్ (పొట్టి రైఫిల్) రకం 300 డాలర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పద్దెనిమిదిన్నర అంగుళాల బ్యారెల్, ఐదు పౌండ్ల బరువు.

అన్నిటికన్నా నాకు నచ్చేది దాని మేగజైన్, అంటే తూటాలు నింపే డబ్బా. .22 తూటాకు అడుగున అంచు ఉంటుంది. మామూలు మేగజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచు వెనక ఇరుక్కుంటే తూటా ముందుకు కదలదు. పది తూటాలు పట్టే రూగర్ మేగజైన్‌లో మధ్య ఒక చక్రం తిరుగుతుంది, ప్రతి తూటాకు దానిలో విడిగా ఒక గాడి ఉంటుంది. అంచులు ఒకదానితో ఒకటి కలిసే అవకాశమే లేదు. తూటా బయటికి వచ్చే చోట ఉన్న పెదవులు ఉక్కువి. అరవై ఏళ్లుగా దీనికి ఇంత నమ్మకం దక్కిందంటే సగం పుణ్యం ఈ చిన్న డబ్బాదే.

మిగతావాటి గురించి ఒక్కొక్క మాట. స్మిత్ అండ్ వెస్సన్ ఎం అండ్ పీ 15-22 మంచిదే. ఏఆర్ మీటలూ బొత్తాలూ ఎక్కడుంటాయో ఇందులోనూ అక్కడే ఉంటాయి, రేపు ఏఆర్ కొనాలనుకునేవారికి ఆ సాధన కలిసివస్తుంది. స్టీల్ పోటీల్లో తరచూ కనిపిస్తుంది. మార్లిన్ మోడల్ 60 పాతకాలపు మంచి రైఫిల్, గురి బాగుంటుంది. కానీ బ్యారెల్ కింది గొట్టంలోకి తూటాలు ఒక్కొక్కటిగా జారవిడవాలి, పోటీలో మళ్లీ నింపుకునేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. బ్రౌనింగ్ ఎస్ఏ-22 అందం చూస్తే కొనబుద్ధి వేస్తుంది. కొని గోడకు తగిలించుకునే స్తోమత ఉంటే కొనండి.

ఇప్పుడు మీ పదకొండు విడిభాగాల జాబితా. నా కథ ఇక్కడ చెప్పాలి.

నా మొదటి 10/22 కొన్న మూడు నెలల్లో దానిలో రూగర్ చేసిన భాగాలంటూ పెద్దగా మిగల్లేదు. బరువైన పోటీ బ్యారెల్, కొత్త బోల్ట్ (తూటా వెనక ముందుకూ వెనక్కీ కదిలే ఇనుప ముక్క), గట్టి స్ప్రింగు, ఇరవై అయిదు తూటాల మేగజైన్లు మూడు. వాటిని చేసిన కంపెనీ పేరు చెప్పను. బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కటే నిదానంగా కాలిస్తే 50 గజాల్లో అయిదు తూటాలూ దాదాపు ఒకే చిల్లులో పడేవి. ఇంటికి ఆ కాగితాలు తెచ్చి మా ఆవిడకు చూపించేవాణ్ణి. ఆమె 'ఎన్ని డాలర్ల కాగితం ఇది?' అని అడిగేది. సరే, మొదటి స్టీల్ పోటీకి వెళ్లాను. రెండవ పలక దగ్గర రైఫిల్ ఆగింది. సరిచేశాను. మళ్లీ ఆగింది. ఆ రోజు ఎనిమిది స్టేజీల్లో ఒక్కటి కూడా ఆగకుండా పూర్తికాలేదు. నా తరువాత వచ్చిన పదమూడేళ్ల అమ్మాయి, పెట్టెలోంచి తీసిన రైఫిల్ తీసినట్టే పట్టుకుని, పాటలా కాల్చేసి వెళ్లింది.

జరిగింది తరువాత అర్థమైంది. పోటీ బ్యారెల్లో తూటా కూర్చునే గది మరీ బిగువుగా కోసి ఉంది. బోల్ట్ రైఫిల్‌కి అది వరం. సెమీ ఆటోమేటిక్‌లో, నాలుగు వందల తూటాలు కాల్చి మసి పట్టాక, తూటా చివరిదాకా దూరదు, కాల్చిన తొడుగు తేలికగా బయటికి రాదు. దానికి తోడు గట్టి స్ప్రింగు పెట్టి, తక్కువ వేగం తూటాలు వాడాను. 10/22లో యంత్రాంగం చాలా సాదా: తూటా పేలినప్పుడు ఖాళీ తొడుగు వెనక్కి తన్నే బలమే బోల్ట్‌ను నెడుతుంది, వేరే గ్యాస్ గొట్టాలేవీ లేవు. తూటా బలం, బోల్ట్ బరువు, స్ప్రింగు బిగువు ఒకదానికొకటి సరితూగాలి. కార్ఖానాలో తూచి పెట్టినదాన్ని నేను మూడు చోట్ల కదిపి, ఎక్కడ చెడిందో తెలియక తల పట్టుకున్నాను. అందుకే నా దగ్గరికి వచ్చినవారికి ఒకటే నియమం పెడతాను: ఒకసారికి ఒకే మార్పు. తరువాత కనీసం 300 తూటాలు ఆగకుండా కాలిస్తేనే రెండవ మార్పు.

మీ జాబితాలో ఉంచదగ్గవి చెబుతాను.

మొదటిది ట్రిగ్గర్. కార్ఖానా ట్రిగ్గర్ లాగడానికి ఐదారు పౌండ్ల బలం కావాలి, రైఫిల్ బరువే ఐదు పౌండ్లు. నొక్కేలోపు గురి కదిలిపోతుంది. రూగర్ వారే అమ్మే బీఎక్స్ ట్రిగ్గర్ రెండున్నర నుంచి మూడు పౌండ్ల దగ్గర విడుస్తుంది. రెండు పిన్నులు తీసి మొత్తం ట్రిగ్గర్ పెట్టెను మార్చడమే, పావుగంట పని. రైఫిల్ ఖాళీగా ఉందని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకున్నాకే మొదలుపెట్టండి. యూట్యూబ్ చూసి పాత ట్రిగ్గర్ లోపలి భాగాలను ఆకురాయితో అరగదీసే పని మాత్రం పెట్టుకోవద్దు. కొంచెం ఎక్కువ అరిగితే కిందపడినప్పుడు పేలవచ్చు, ఒక్క నొక్కుకు రెండు తూటాలు పోవచ్చు. రెండవది జరిగితే ప్రమాదంతో పాటు చట్టం దృష్టిలో మీ చేతిలో ఉన్నది మెషిన్‌గన్.

రెండవది గురి చూసే సాధనం. దీనికే ఎక్కువ ఖర్చు పెట్టండి. యాపిల్‌సీడ్‌కు, కాగితం మీద సాధనకు రెండు నుంచి ఏడు రెట్లు పెంచే మామూలు స్కోపు చాలు. ఒక సూక్ష్మం గమనించండి: పెద్ద రైఫిళ్ల స్కోపులు 100 గజాల దూరానికి సరిచేసి ఉంటాయి, .22 కోసం చేసినవి 50, 60 గజాలకు. మొదటి రకం తెచ్చి 25 గజాల దగ్గర చూస్తే, తల కాస్త కదిలినా గురి గీతలు లక్ష్యం మీద జరిగినట్టు కనిపిస్తాయి. గుండ్లు చెల్లాచెదురైతే తప్పు మీదనుకుని బాధపడతారు. స్టీల్ పోటీకైతే స్కోపు వద్దు, ఎర్ర చుక్క సైటు పెట్టుకోండి.

మూడవది పట్టీ. పాత సైన్యం తరహా నూలు పట్టీ, ఇరవై, ముప్ఫై డాలర్లు. చేతికి మెలివేసి బిగిస్తే రైఫిల్ మీ ఎముకల మీద నిలబడుతుంది, కండరాల మీద కాదు. 250లో ఇరవై, ముప్ఫై మార్కులు దీనివల్లే పెరగడం చూశాను. మీ జాబితాలో ఇది లేదు. ఎవరి జాబితాలోనూ ఉండదు, మెరవదు కదా.

చిన్నవి రెండు ఉన్నాయి, చవకైనవి. బోల్ట్ వెనక్కి వచ్చి గుద్దుకునే చోట ఉక్కు పిన్ను తీసి ప్లాస్టిక్ జాతి పిన్ను పెడితే ఆ టకటక తగ్గుతుంది. ఇక వెనక్కి లాగి నిలిపిన బోల్ట్‌ను వదలడానికి పాత 10/22ల్లో ఒక చేత్తో లాగుతూ ఇంకొక చేత్తో చిన్న మీట నొక్కాలి, మూడవ చెయ్యి దేవుడు ఇవ్వలేదు. లాగి వదిలితే చాలన్నట్టు మార్చే చిన్న పలక దొరుకుతుంది. చివరి తూటా అయ్యాక ఈ రైఫిల్ బోల్ట్ దానంతట అది తెరిచి నిలబడదు. ఏఆర్ అలవాటైన మీకు ఇది కొత్త. 'క్లిక్' అన్నదాకా ఖాళీ అయిందని తెలియదు, అందుకని తూటాలు లెక్కపెట్టుకోవడం నేర్చుకోవాలి.

బ్యారెల్ ఇప్పుడే మార్చకండి. యాపిల్‌సీడ్ అడిగేది 25 మీటర్లలో ఒక అంగుళం లోపల పడే గురి. సరైన తూటాతో మామూలు కార్బైన్ అంతకన్నా బాగానే కాలుస్తుంది. ఎప్పటికైనా మారిస్తే తూటా గదిని 'బెంట్జ్' కొలతతో కోసిన బ్యారెల్ అడగండి. అది పోటీ గదికీ మామూలు గదికీ మధ్యస్థం, సెమీ ఆటోమేటిక్ కోసమే. బరువైన బ్యారెల్ అయితే లావు 0.920 అంగుళాలు, పాత స్టాక్‌లో (బ్యారెల్ కూర్చునే, భుజానికి ఆనించే భాగం) పట్టదు, అదీ మార్చాలి. ఖర్చు అలా పాకుతూ పోతుంది. 16 అంగుళాల కన్నా పొట్టి బ్యారెల్ జోలికి వెళ్లవద్దు, దానికి ఫెడరల్ రిజిస్ట్రేషన్ వేరే ఉంది. కార్బైన్‌లో స్టాక్ చివర బ్యారెల్‌ను చుట్టి పట్టుకునే పట్టా ఒకటి ఉంటుంది. అది మరీ బిగిస్తే తూటాలు పడే చోటు మారిపోతుంది. గురి ఉన్నట్టుండి తప్పితే బ్యారెల్‌ను తిట్టేముందు ఆ స్క్రూ, స్టాక్ కింది స్క్రూ చూడండి.

ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తొడుగును బయటికి లాగే కొక్కెం), గట్టి స్ప్రింగు, తేలిక బోల్ట్, రంగుల మేగజైన్ మీట, తన్ను తగ్గించడానికి బ్యారెల్ మూతికి తగిలించే బ్రేకు ఇవన్నీ కొట్టేయండి. .22కి మూతి బ్రేకు దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తన్నని దూడకు కాళ్లు కట్టినట్టుంది.

నమ్మకం అనేది విడిభాగాల్లో కన్నా తూటాల్లో ఉంది. రిమ్‌ఫైర్ తూటాలో మందు అంటించే రసాయనం అంచు లోపల చుట్టూ పరుచుకుని ఉండాలి. ఎక్కడైనా ఖాళీ ఉండి సూది సరిగ్గా అక్కడే కొడితే పేలదు. ఇది చవక తూటాల్లో తరచూ, మంచివాటిలో అరుదుగా జరుగుతుంది. నాలుగైదు రకాలు ఒక్కొక్క పెట్టె కొని మీ రైఫిల్ దేన్ని ఇష్టపడుతుందో చూడండి. ఒకే రోజు, ఒకే కార్ఖానాలో తయారైన రెండు రైఫిళ్లకు కూడా రుచులు వేరుగా ఉంటాయి. 40 గ్రెయిన్ల బరువు, సెకనుకు 1,200 అడుగులకు అటూ ఇటూ వేగం ఉన్నవాటితో మొదలుపెట్టండి. సీసీఐ మినీమ్యాగ్ తూటాలతో ఆగే 10/22 అంటే ముందు రైఫిల్‌ను అనుమానించవచ్చు. పేలకపోతే వెంటనే బోల్ట్ లాగకండి. మూతిని లక్ష్యం వైపే ఉంచి ముప్ఫై సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలేవీ ఉంటాయి. 'ఫుస్' అన్న చప్పుడు వినిపిస్తే పూర్తిగా ఆపి, మేగజైన్ తీసి, బ్యారెల్‌లో సీసం ఇరుక్కుందేమో చూసేదాకా ఇంకొక తూటా పెట్టవద్దు.

మేగజైన్లు పది తూటాలవే, రూగర్‌వే, మొత్తం అయిదు పెట్టుకోండి. అడుగున తెల్ల రంగుతో 1, 2, 3 అని అంకెలు వేయండి. ఎప్పుడు ఆగినా ఏ అంకె ఉన్న మేగజైనో రాసుకోండి. ఒకే అంకె పదే పదే వస్తే దోషి దొరికాడు. ఒకే రకం తూటాతో వస్తే తూటా మార్చండి. అన్నిటితోనూ వస్తే బోల్ట్ ముఖం మీదా, తూటా గదిలోనూ మసి తుడవండి. అప్పటికీ ఖాళీ తొడుగు వంటింటి పొగగొట్టంలా బోల్ట్ మధ్య నిలబడుతుంటేనే ఎక్స్‌ట్రాక్టర్ సంగతి ఆలోచించండి. ఇంత వరసగా వెదికితే పదిలో తొమ్మిది జబ్బులు డబ్బు ఖర్చు లేకుండా నయమవుతాయి. నూనె మాత్రం ఎక్కువ పోయకండి. .22 తూటాలు మైనపు పూతతో వస్తాయి, మసీ మైనమూ నూనే కలిస్తే తారు అవుతుంది.

లెక్క చూసుకుందాం. రైఫిల్, అదనపు మేగజైన్లు, ట్రిగ్గర్, ఓ మోస్తరు స్కోపు, పట్టీ కలిపి 650, 700 డాలర్ల దగ్గర ఆగుతుంది. చెవులకు, కళ్లకు రక్షణ, ఒక తాళం పెట్టె కూడా మీ 1,000 డాలర్లలోంచే రావాలి. మిగిలినదంతా తూటాలు. ఇంట్లో పిల్లలున్నారని రాశారు కాబట్టి తాళం పెట్టె మీకు ఐచ్ఛికం కాదు. పదిహేడేళ్ల లోపు పిల్లలకు పేలగల స్థితిలో తుపాకీ అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం, చట్టం లేకపోయినా ఇదే చెప్పేవాణ్ణి. తూటాలు వేరే చోట పెట్టండి. రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగి, చొక్కా మార్చుకుని, తరువాతే పిల్లలను ఎత్తుకోండి, సీసం ధూళి బట్టలకు అంటుకుని ఉంటుంది.

మీ బావమరిది హైదరాబాద్‌లో ఇలాంటిది కొనవచ్చా అని చివర అడిగారు. అక్కడి చట్టం వేరు, ఆయుధ లైసెన్సు లేకుండా ఈ రకం రైఫిల్ ఊసే లేదు, ఇక్కడి నుంచి తీసుకెళ్లే ఆలోచన కలలో కూడా వద్దు. ఆసక్తి ఉంటే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్పే శిక్షణ కేంద్రంలో చేరమనండి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఆ పోటీలోనే, పెరిగింది ఆ ఊళ్లోనే.

కొన్న మొదటి రోజు చేయవలసిన పని ఇది. పెట్టెలోంచి తీసి, బ్యారెల్‌లో కార్ఖానా నూనె తుడిచి, ఏమీ మార్చకుండా రేంజ్‌కి తీసుకెళ్లండి. 25 గజాల దగ్గర కాగితం పెట్టి, పడుకుని, ఒక్కొక్క రకం తూటా పదేసి చొప్పున కాల్చండి. ప్రతి కాగితం మీదా తేదీ, తూటా పేరు, మేగజైన్ అంకె రాయండి. ఆ కాగితాల ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి ట్రిగ్గర్ ఇప్పుడే కొనాలో, నెల ఆగాలో చెబుతాను.